బర్మా అడవుల్లో పద్మవ్యూహం

భారతకథ వినే పిల్లలు అభిమన్యుని ఘట్టం రాగానే ఒక ప్రశ్న తప్పకుండా వేస్తారు. "లోపలికి వెళ్ళడమే గాని బయటికి వచ్చే దారి ఆ కుర్రవాడికి తెలియదని పెద్దవాళ్ళకు తెలుసు గదా, మరి ఎందుకు పంపించారు?" అని. దానికి పెద్దలు చెప్పే సమాధానం ఒక్కటే. పంపినప్పుడు ధర్మరాజు వుద్దేశం మంచిదే. అభిమన్యుడు వ్యూహాన్ని పగలగొడితే ఆ వెనుకనే భీమాదులు చొరబడాలని ఏర్పాటు. కాని సైంధవుడు అడ్డుపడ్డాడు, వెనుక సేన లోపలికి రాలేకపోయింది. ఏర్పాటులో సగం జరిగింది, సగం జరగలేదు. జరగని సగానికి లోపలున్నవాడు ప్రాణం చెల్లించాడు.

రెండవ ప్రపంచయుద్ధంలో, 1943లోనూ 1944లోనూ, బర్మా అడవుల్లో సరిగా ఇటువంటి కథే రెండుసార్లు జరిగింది. ఆ కథలో శూరులకు కొరత లేదు. ఎవరు ఎవరికి ఉత్తర్వు ఇవ్వాలి, ఇచ్చిన ఉత్తర్వు ఎందుకోసం, ఆ పని ముగిసిన తరువాత మనుషులను ఎవరు వెనక్కు తేవాలి అన్న విషయాల్లో మాత్రం చాలా కొరత కనిపిస్తుంది. దండయాత్రల వర్ణనలు చాలామంది రాశారు. ఆ యాత్రల వెనుక పెద్దల గదుల్లో జరిగిన తగవులను గురించి నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం వుద్దేశం.

బర్మా మన తెలుగువారికి పరాయిదేశం కాదు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఓడలెక్కి "రంగం" వెళ్ళినవారు లేని వూరు ఆ రోజుల్లో అరుదు. 1931 నాటికి రంగూన్ పట్టణంలో సగానికి పైగా జనం భారతీయులే. రేవులో మూటలు మోసినవారు, ధాన్యపు మిల్లుల్లో పనిచేసినవారు, కొట్లలో లెక్కలు రాసినవారు అందులో మనవాళ్ళు ఎందరో. 1942 మార్చి 8వ తేదీన రంగూన్ జపానువారి వశమైంది. దేశమంతటా వున్న భారతీయులు లక్షల సంఖ్యలో కొండలూ అడవులూ పట్టి నడిచి అస్సాం చేరారు. దారిలో వేలకువేలమంది రాలిపోయారు. ఆ ఏప్రిల్ 6వ తేదీననే విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి.

బెంగుళూరుకు కూడా ఆ యుద్ధంతో చుట్టరికం వుంది. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ గారు మైసూరు ప్రభుత్వంతో కలిసి స్థాపించిన హిందుస్థాన్ విమానాల ఫ్యాక్టరీని 1943లో అమెరికా విమానదళం తన చేతిలోకి తీసుకొని, తూర్పు రంగంలో దెబ్బతిన్న విమానాలను ఇక్కడ బాగుచేయించింది. అలసూరు చెరువు పక్కనున్న మదరాసు సాపర్ల దండు నుంచి తెలుగు, తమిళ, కన్నడ కుర్రవాళ్ళు వంతెనలు కట్టడానికీ, బాటలు వేయడానికీ ఆ సరిహద్దుకే వెళ్ళారు. ఇక ఈ కథను నడిపించిన బ్రిటిషు ప్రధాని చర్చిల్ కూడా తన ఇరవైల వయసులో, 1896 నుంచి కొంతకాలం, ఈ బెంగుళూరు దండులోనే కాపురమున్న గుర్రపు పటాలపు లెఫ్టినెంటు. ఆయన క్లబ్బుకు బాకీపడిన 13 రూపాయలు ఇక రాబట్టలేనివని అప్పటి లెక్కల పుస్తకంలో రాసి వుంది.

ఇక అసలు కథకు వద్దాం.

బర్మా చేజారుతున్న రోజుల్లో భారత సైన్యాధిపతి జనరల్ వేవెల్, ఆర్డ్ వింగేట్ అనే అధికారిని పిలిపించాడు. వింగేట్ 1903లో మన నైనీతాల్‌లోనే పుట్టాడు. పాలస్తీనాలో రాత్రిపూట దాడులు చేసే దళాలను తయారుచేశాడు. 1941లో అబిసీనియాలో కొద్దిమందితో ఇటలీ సేనలను ముప్పుతిప్పలు పెట్టి హైలీ సెలాసీ చక్రవర్తిని తిరిగి రాజధానికి చేర్చాడు. మేధావి, మొండి, పైవారిని లెక్కచేయని మనిషి. ఆయనకు వీరాభిమానులూ వున్నారు, పేరెత్తితే మండిపడేవారూ వున్నారు. మధ్యవారు తక్కువ.

ఆయన చెప్పిన సూత్రం వినడానికి సులువుగానే వుంటుంది. అడవిలో శత్రువు ముందరి వరసతో తలపడడం కన్నా, వెనుకకు పోయి అతని రైలుమార్గాన్నీ, సరుకుల గోదాములనూ, వార్తల తీగలనూ తెంపాలి. మూడు నాలుగు వందలమంది చొప్పున దళాలుగా విడిపోయి, కంచరగాడిదల మీద సామాను వేసుకొని నడవాలి. తిండీ, తూటాలూ విమానాలు పైనుంచి గొడుగులతో వదులుతాయి. ఎక్కడ వదలాలో రేడియో చెబుతుంది. అయితే ఈ సూత్రానికి ఒక షరతు వుంది. వెనుక తీగలు తెగి శత్రువు తబ్బిబ్బయిన సమయానికి ముందునుంచి పెద్ద సేన వచ్చి మీదపడాలి. పెద్ద సేన రాకపోతే చిన్న దళం చేసిన గాయం నాలుగు రోజుల్లో మానిపోతుంది. దళం మాత్రం శత్రువు నడుమ వుండిపోతుంది.

బర్మా గుళ్ళ వాకిట కాపలాగా కూర్చుండే సింహపు విగ్రహాన్ని అక్కడ "చింథే" అంటారు. రంగం చూసివచ్చిన పెద్దలకు అది తెలుసు. ఆ పేరుమీదనే ఈ దళాలకు "చిండిట్లు" అని పేరు వచ్చింది.

మొదటి యాత్ర 1943 ఫిబ్రవరిలో. ఇంగ్లీషు సోల్జర్లు, గూర్ఖాలు, బర్మా రైఫిల్సు వారు కలిసి సుమారు 3,000 మంది ఇంఫాల్ చేరారు. అదే సమయానికి ముందునుంచి జరగవలసిన పెద్ద దాడి రద్దయిపోయింది. వేవెల్ స్వయంగా ఇంఫాల్ వచ్చి వింగేట్‌తో మాట్లాడాడు. వెనుక సేన రాదని తెలిసికూడా వెళ్ళవలసిందేనని వింగేట్ వాదించాడు. సిద్ధాంతం పరీక్షకు నిలుస్తుంది, మనుషులు అడవి నేర్చుకుంటారు, ఆగిపోతే వాళ్ళ ధైర్యం చప్పబడుతుంది, ఇవీ ఆయన కారణాలు. వేవెల్ ఆలోచించి ఒప్పుకున్నాడు, బయలుదేరుతున్న దళాలకు తానే ముందుగా సెల్యూటు చేశాడు. భారతం తెలిసినవారికి ఆ సెల్యూటు గుండెల్లో గుచ్చుకుంటుంది.

వారు చిండ్విన్ నది దాటారు. మార్చి నెల మొదట్లో మండలే నుంచి మిచినా పోయే రైలుమార్గాన్ని అనేక చోట్ల పేల్చారు. అంతటితో వెనక్కు మళ్ళివుంటే నష్టం తక్కువగా వుండేది. వింగేట్ ఐరావతిని కూడా దాటించాడు. అవతల రెండు నదుల మధ్య ఎండిన నేలలో దళాలు చిక్కుకున్నాయి. నీళ్ళు లేవు, విమానాల సరఫరా అంతదూరం సరిగా అందలేదు. మార్చి ఆఖరుకు, చిన్న చిన్న గుంపులుగా విడిపోయి ఎవరి దారిన వారు రావలసిందని ఉత్తర్వు వచ్చింది. నడవలేని క్షతగాత్రులను దారిలో వదలవలసి వచ్చింది. తిరిగి వచ్చినవారు 2,182 మంది. వారిలో సుమారు ఆరువందలమంది ఇక యుద్ధానికి పనికిరానంతగా చిక్కిపోయారు.

రైలుమార్గాన్ని జపానువారు కొద్దికాలంలోనే బాగుచేసుకున్నారు. మరి లాభమేమిటి? ఆ శీతకాలంలో అరకాన్ దాడి విఫలమై అందరూ తలవంచుకొని వున్న సమయమది. అడవిలో జపానువాడిని ఎదుర్కొనవచ్చునన్న వార్త పత్రికలకెక్కి కొండంత ధైర్యమిచ్చింది. ఇంకొక ఫలితం ఎవరూ ఊహించలేదు. ఆ కొండలు దాటి సేన నడవడం అసాధ్యమని అంతవరకు నమ్మిన జపాను సేనాని ముతాగుచి, వింగేట్ దాటగా లేనిది నేను దాటలేనా అనుకున్నాడు. మరుసటి సంవత్సరం ఇంఫాల్, కొహిమాల మీదికి వచ్చిన మహాదండయాత్రకు బీజం అక్కడ పడింది.

వింగేట్ తన నివేదికలో సైన్యపు పెద్దలను ఎడాపెడా విమర్శించాడు. అది చర్చిల్ చేతికి చేరింది. చర్చిల్ 1943 ఆగస్టులో ఆయనను లండన్ పిలిపించి, భోజనంవేళ మాట్లాడి, ఆ రాత్రే తనతో బయలుదేరదీసి కెనడాలోని క్విబెక్ మహాసభకు తీసుకుపోయాడు. అక్కడ రూజ్‌వెల్టు ముందూ, అమెరికా సేనాధిపతుల ముందూ వింగేట్ తన పథకం వివరించాడు. వారు ముగ్ధులై ఈ పనికోసమే ప్రత్యేకంగా ఒక విమానదళాన్ని ఇచ్చారు. వింగేట్ దళం ఆరు బ్రిగేడులకు పెరిగింది.

తగవు ఇక్కడే ముదిరింది. అప్పటికి భారత సైన్యాధిపతి అయిన ఆకిన్‌లెక్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. ఇన్ని బ్రిగేడులు ఎక్కడివి? తోబ్రూక్‌లో పోరాడి ఆరితేరిన 70వ బ్రిటిషు డివిజన్‌ను ముక్కలు చేస్తేగాని రావు. ఒక మంచి డివిజన్‌ను పాడుచేసి దళాలు కట్టడం కన్నా దానినే నిండుగా యుద్ధంలో దింపడం మేలని ఆయన వాదం. పదునాలుగవ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ అభిప్రాయం కూడా దాదాపు అదే. ప్రత్యేక దళాలకు మెరికల్లాంటివారిని ఏరివేస్తే మామూలు పటాలాలు పేలవమవుతాయని ఆయన తరువాత తన పుస్తకంలో రాశాడు. కాని లండన్ ఉత్తర్వు ఢిల్లీ అభ్యంతరాన్ని కొట్టివేసింది. తాము వద్దన్న పనికి తామే మనుషులనూ, గాడిదలనూ, సరంజామానూ సమకూర్చవలసి వచ్చిన ఢిల్లీ అధికారులు ఎంత వుత్సాహంగా పనిచేసి వుంటారో, ఆఫీసుల్లో జీవితం గడిపే మావంటివారికి ఎవరూ విప్పిచెప్పనక్కరలేదు.

ఆ పైన అధికారపు నిచ్చెన చూడండి. అన్నిటికీ పైన ఆగ్నేయాసియా సర్వసేనాధిపతి మౌంట్‌బాటెన్. ఆయన కింద జనరల్ గిఫర్డ్, గిఫర్డ్ కింద స్లిమ్, స్లిమ్ కింద వింగేట్. కాగితం మీద అంతా సవ్యమే. కాని వింగేట్ అవసరమైతే నేరుగా చర్చిల్‌కు రాసుకోగలనని అనేవాడు. ఒకసారి ఆ మాట అన్నప్పుడు స్లిమ్ తంతి కాగితాల పుస్తకం ఆయన ముందుకు తోసి, రాసుకోండి అన్నాడట. వింగేట్ రాయలేదు.

అమెరికా సేనాని స్టిల్‌వెల్ సంగతి ఇంతకన్నా చిత్రం. ఆయన మౌంట్‌బాటెన్‌కు ఉపసేనాధిపతి, చైనాలో చాంగ్ కై షేక్‌కు సేనా ముఖ్యుడు, ఉత్తర బర్మాలో చైనా సేనలకు స్వయంగా నాయకుడు. ఇన్ని టోపీలు పెట్టుకున్న మనిషి గిఫర్డ్ కింద పనిచేయను పొమ్మన్నాడు. చివరకు కమైంగ్ అనే వూరు చేరేదాకా స్లిమ్ మాట వింటానని రాజీపడ్డాడు. తన పై అధికారికి పై అధికారి అయిన మనిషి తన కింద పనిచేయడం ఎలా వుంటుందో స్లిమ్‌కే తెలియాలి. ఇంగ్లీషువారంటే స్టిల్‌వెల్‌కు నమ్మకం లేదన్నది దాచిన రహస్యమేమీ కాదు.

రెండవ యాత్ర 1944 మార్చి 5వ తేదీ సాయంత్రం అస్సాంలోని లాలాఘాట్ విమానాశ్రయం నుంచి మొదలైంది. ఈసారి నడక కాదు. ఇంజను లేని గ్లైడర్లలో మనుషులను ఎక్కించి, వాటిని డకోటా విమానాలకు తాళ్ళతో కట్టి కొండలమీదుగా లాక్కుపోయి అడవి మధ్య మైదానాల్లో దింపాలి. ఒక్క బ్రిగేడు మాత్రం ఫిబ్రవరిలోనే లెడో నుంచి కాలినడకన బయలుదేరింది. ఆ మైదానాలకు పికడిల్లీ, బ్రాడ్‌వే అని పేర్లు పెట్టారు. శత్రువుకు అనుమానం రాకుండా వాటిపై విమానాలు ఎగరకూడదని వింగేట్ నిషేధించాడు. అమెరికా విమానదళ నాయకుడు కాక్రన్ అయినా ఒక విమానం పంపి ఫొటోలు తీయించాడు. బయలుదేరడానికి సుమారు అరగంట ముందు ఆ ఫొటోలు వచ్చాయి. పికడిల్లీ నిండా దుంగలు అడ్డంగా పడివున్నాయి.

రహస్యం బయటపడిందా? బ్రాడ్‌వే చుట్టూ కూడా జపానువారు పొంచివున్నారా? పోవాలా, మానాలా? స్లిమ్, వింగేట్, ముందుగా దిగవలసిన బ్రిగేడియర్ కాల్వర్ట్ అక్కడికక్కడ మాట్లాడుకొని అందరూ బ్రాడ్‌వేకే పోవాలని నిర్ణయించారు. ఆ నిర్ణయం చేసింది నేనని స్లిమ్ రాశాడు. కాదు, వింగేట్ అప్పటికే నిశ్చయించాడని ఆయన అభిమానులు రాశారు. సంవత్సరాల తరబడి ఆ వాదం సాగింది. తమాషా ఏమిటంటే, ఆ దుంగలు జపానువారు వేసినవి కావు. టేకు నరికే బర్మా కూలీలు ఆరబెట్టుకోవడానికి లాగిపడవేసినవి.

ఆ రాత్రి 60కి పైగా గ్లైడర్లు బయలుదేరితే 30కి పైగా మాత్రమే బ్రాడ్‌వే చేరాయి. బరువు ఎక్కువై తాళ్ళు తెగినవి కొన్ని, చీకట్లో ఒకదానిమీద ఒకటి పడి నుగ్గయినవి కొన్ని. అయినా మిగిలినవారు మరునాటికే నేల చదును చేశారు. ఆ రాత్రి నుంచి డకోటాలు దిగనారంభించాయి. కొద్దిరోజుల్లోనే సుమారు 9,000 మంది, వెయ్యికి మించిన జంతువులూ శత్రువు వెనుక దిగారు. మావ్లూ దగ్గర రైలుమార్గం మీద కాల్వర్ట్ కట్టిన అడ్డుకోటకు, చెట్లకు వేలాడిన తెల్లని పారాచూట్లను బట్టి, "వైట్ సిటీ" అని పేరు వచ్చింది. స్టిల్‌వెల్‌ను ఎదుర్కొంటున్న జపాను డివిజన్‌కు రైలు సరఫరా తెగిపోయింది. పథకం ఫలిస్తున్నట్టే కనిపించింది.

ఇంతలో రెండు దెబ్బలు తగిలాయి. ఒకటి, ముతాగుచి సేన ఇంఫాల్ మీద పడింది. వింగేట్ బ్రిగేడుల్లో ఒకదాన్ని స్లిమ్ కొహిమా వైపు వుంచుకున్నాడు. ముందునుంచి వచ్చి కలవవలసిన పెద్ద సేన తన యింటినే కాపాడుకోవలసి వచ్చింది. ఆ మణిపురం కొండల్లోనే అవతలి పక్షాన నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు నిలిచి ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో జెండా ఎత్తింది. రెండవ దెబ్బ, మార్చి 24న వింగేట్ ఎక్కిన విమానం బిష్ణుపూరు దగ్గరి కొండల్లో కూలి అందులోని వారందరూ మరణించారు.

పథకం చాలావరకు ఆయన తలలోనే వుంది. పక్కవాడికి పూర్తిగా చెప్పే అలవాటు ఆయనకు లేదు. స్లిమ్ ఆ స్థానంలో లెంటెయిన్ అనే గూర్ఖా పటాలపు అధికారిని నియమించాడు. ఆయన యోగ్యుడే గాని వింగేట్ పద్ధతుల మీద మొదటినుంచీ అంతగా గురి లేనివాడు. ఏప్రిల్‌లో పెద్దలు కూర్చుండి, చిండిట్లు ఉత్తరానికి జరిగి స్టిల్‌వెల్‌కు తోడుపడాలని నిర్ణయించారు. మే 17 నుంచి వారు పూర్తిగా ఆయన అధికారం కిందికి వెళ్ళారు.

అసలు విషాదం ఇక్కడ మొదలవుతుంది. శత్రువు వెనుక ఇటువంటి మనుషులు తొంబై రోజులకు మించి నిలవలేరన్నది వింగేట్ లెక్క. వారి దగ్గర పెద్ద ఫిరంగులు లేవు, కోటలను ముట్టడించే సరంజామా లేదు. దొంగచాటు దెబ్బకు తయారుచేసిన దళాన్ని స్టిల్‌వెల్ మామూలు పదాతిదళంలాగా పట్టణాల మీదికి నడిపించాడు. జాన్ మాస్టర్స్ నడిపిన 111వ బ్రిగేడు "బ్లాక్‌పూల్" అనే కొత్త అడ్డుకోట కట్టింది. అది జపాను ఫిరంగులకు అందుబాటులో వుంది. అప్పటికి వర్షాలు పట్టి విమానాలు దిగలేకపోయాయి. మే 25న దానిని విడిచిపెట్టవలసి వచ్చింది. స్టిల్‌వెల్ వారిని పిరికివారన్నట్టు మాట్లాడాడు. కాల్వర్ట్ బ్రిగేడు సుమారు సగం మందిని పోగొట్టుకొని జూన్ 26న మొగౌంగ్ పట్టణాన్ని పట్టింది. ఆ విజయం చైనా అమెరికా సేనలదని రేడియో ప్రకటించింది. అక్కడి నుంచి మిచినా వెళ్ళి మళ్ళీ పోరాడమని ఉత్తర్వు రాగా, కాల్వర్ట్ రేడియో కట్టేసి తనవారిని కమైంగ్‌కు నడిపించుకువచ్చాడు.

స్టిల్‌వెల్‌కు బ్రిటిషువారి మీద కోపముండబట్టే ఇలా చేశాడని కొందరంటారు. కాని సొంత అమెరికన్ల గతీ అంతే అయింది. వింగేట్ పథకం చూసి తయారైన మెరిల్ దళం సుమారు మూడువేల మందితో బయలుదేరి, మే 17న మిచినా విమానాశ్రయాన్ని పట్టి, జ్వరాలతో విరేచనాలతో కుప్పకూలి ఆగస్టులో రద్దయింది.

చివరకు మౌంట్‌బాటెన్ పట్టుబట్టగా జూలైలో డాక్టర్లు వెళ్ళి 111వ బ్రిగేడును పరీక్షించారు. సుమారు 2,200 మందిలో యుద్ధానికి పనికివచ్చేవారు 118 మంది అని తేలింది. అడవి నుంచి ఆఖరివారు ఆగస్టు నెలాఖరుకు బయటపడ్డారు. 1945 ఫిబ్రవరిలో దళాన్నే రద్దుచేశారు.

తప్పెవరిది? 1961లో వచ్చిన ప్రభుత్వ యుద్ధచరిత్ర వింగేట్‌ను కఠినంగా విమర్శించింది. ఆయనతో నడిచినవారు మండిపడ్డారు. నా మట్టుకు నాకు ఇందులో దుర్మార్గులెవరూ కనిపించరు. వింగేట్‌కు శత్రువు గుండెకాయ ఎక్కడుందో తెలుసు. ఆకిన్‌లెక్‌కు సేన కట్టడం తెలుసు. స్లిమ్‌కు యుద్ధం మొత్తం తెలుసు, ఇంఫాల్‌లో గెలిచి చూపించాడు. స్టిల్‌వెల్‌కు మిచినా కావాలి. ఎవరి మాట వారికి న్యాయమే. కాని దళం ఒక పనికి తయారైంది, రెండవ పనికి పంపబడింది, మూడవ పనికి ఖర్చయింది. పని మారిన ప్రతిసారీ కొత్త ఉత్తర్వు పుట్టింది గాని, "ఇన్నాళ్ళకు మిమ్మల్ని వెనక్కు పిలుస్తాం" అన్న పాత మాట ఏమైందో చూసినవారు లేరు. పెద్ద పేరు గల అధికారి ఒకరు బదిలీ అయితే ఆయన ఇచ్చిన హామీలు ఫైలుతోపాటు అటకెక్కడం మన ఆఫీసుల్లోనూ వుంది. మనకు పోయేది ఒక ఇంక్రిమెంటు. అక్కడ పోయినవి ప్రాణాలు.

ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్లు అని మనవాళ్ళు వూరికే అనలేదు. రెండవ యాత్రలో చనిపోయినవారు వెయ్యికి పైగా. ఇంగ్లీషు పల్లెల వాళ్ళు, నేపాలు కొండల వాళ్ళు, పడమటి ఆఫ్రికా వాళ్ళు, గాడిదలు తోలిన మన దేశపు సిపాయిలు. క్విబెక్ ఎక్కడుందో వారిలో చాలామందికి తెలియదు.

రంగూన్‌కు ఉత్తరాన తౌక్యాన్ అనే చోట ఒక స్మారకం వుంది. బర్మా యుద్ధంలో సమాధికూడా దొరకని సుమారు 27,000 మంది పేర్లు దాని రాతి స్తంభాల మీద చెక్కివున్నాయి. మన అలసూరు దండు నుంచి వెళ్ళిన మదరాసు సాపర్ల పేర్లూ అందులో వున్నాయి. రంగంతో చుట్టరికమున్న కుటుంబాలవారు ఆ దేశం చూడబోతే ఒక పూట అక్కడికి వెళ్ళి రావాలి. ఆ స్తంభాల మీద ఎవరి ఉత్తర్వు సరైనదో రాసివుండదు. ఆ ఉత్తర్వులను ఎవరు పాటించారో మాత్రం, ఒక్కొక్క పేరుగా, రాసివుంటుంది.